కమ్మరి మౌనాచారి పట్టిన చల్లనమ్మ నోము

దీపము ఎగదోసి, మాటలు మాని వినుడు.

పూర్వము వల్కల ముని తుషార మునిని చూచి, సంతు లేదని ఆడవారే నోములు పట్టుచున్నారే, మగవారు పట్టదగినది లేదా అని అడిగెను. తుషార ముని నవ్వి ఇట్లు చెప్పెను.

ధూమగిరి అను ఊరిలో మౌనాచారి అను కమ్మరి ఉండెను. బిగుతుగా గోచి పెట్టి, పొద్దు పొడిచినది మొదలు పొద్దు గూకువరకు కొలిమి గట్టునే అంటిపెట్టుకొని కూర్చుండువాడు. పెండ్లియై ఏడేండ్లయినను భార్య కాళికమ్మకు కడుపు పండలేదు. ఆమె పట్టని నోము లేదు. అత్త పేరిందేవమ్మ విసిగి, కొడుకునకు మారు మనువు చేసెదననెను. కాళికమ్మ కంటినీరు తుడుచుకొనెను.

ఒకనాడు చలువనిచ్చు దేవత చల్లనమ్మ తల్లి ముసలి ముత్తైదువ రూపున, పండ్లు అరిగిన కొడవలికి కక్కు పెట్టించుకొన వచ్చి, అతడు కూర్చున్న తీరు చూచెను.

"ఏమయ్యా ఆచారీ, మగవాని బీజకోశములను బ్రహ్మ ఒడలిలో దాచక వెలుపల ఎందుకు వ్రేలాడదీసెను? చలువ కొరకు. నీవేమో నిప్పుల వద్ద కాచుచున్నావు! నీ బీజము మాడుచుండ నీ ఇంటి పిల్లనేల నిందింతురు?"

బీజము పక్వమగుటకు రమారమి డెబ్బదిరెండు నాళ్లు పట్టును గనుక, ఆ నాళ్లన్నియు సెగకు దూరముగా ఉండి, వదులు పంచె కట్టి, కల్లు, చుట్ట మానవలెననియు, మొదటినాడే ఐదిండ్లవారు వినగా లోపము తనదని చెప్పవలెననియు విధించి వెళ్లెను.

మౌనాచారి సిగ్గుపడి ఆ చెప్పుట ఒక్కటి మానెను. ఇరువదవనాడు పొరుగువారు "కొలిమి మీద అలిగినావా బావా?" అని ఎగతాళి చేసిరి. ఆ ఎగతాళికి ఓర్వలేక మరల కొలిమి గట్టు మీద కూర్చుండెను. నోము చెడెను. తాంబూలములకు పెండ్లివారు వచ్చిరి. కాళికమ్మ పుట్టింటికి మూట కట్టుకొనెను.

ఆ మూట చూచి మౌనాచారి నోరు తెరిచెను. "అమ్మా, లోపం దానిది కాదు, నాది" అని వాకిట చేరిన ఐదిండ్లవారు వినగా చెప్పెను. పెండ్లివారు తాంబూలము ముట్టక లేచిరి. పేరిందేవమ్మ కొడుకు చేతి పట్టుకారు లాగుకొని, "లేవరా! ఈ సెగకు నాకు పోయేదేముంది? నేను కూర్చుంటా" అనెను. అందరు నవ్విరి. కాళికమ్మ మూట విప్పెను.

అతడు సెగకు దూరముగా నిలిచి సమ్మెట కొట్టుచు, మరల మొదటినుండి నోము నాళ్లు నిండించెను. అటుపై కొన్నాళ్లకు కాళికమ్మకు నెల తప్పెను. పేరిందేవమ్మ మాత్రము గట్టు దిగనన్నది. పని రుచి మరిగెనట.

కావున కొలిమి, కుమ్మరి ఆవము, బెల్లపు పెనము చెంత పని చేయు మగవారు, సంతు లేదని భార్యను అనువారు ఈ నోము పట్టవలెను. బీజకోశముల సంచిలో నరములు ఉబ్బినవారు, పసివానికి బీజకోశము సంచిలోనికి దిగలేదని చూచిన తల్లులు వైద్యుని వద్దకు పోవలెను. అదియు నోములో భాగమే. పట్టినవారికి బిడ్డలు కలుగుదురు గాక. ఆలస్యమైనను ఆ ఇంటి ఇల్లాలికి నింద రాకుండు గాక.

ఇక అమ్మలారా, అక్షతలు మీ మగవారి తలల మీద వేయుడు.