ఎడమ చేతి తోం

"ఆ మొద్దు కుర్రాణ్ని ఇంక పంపించేస్తానండి" అన్నాడు నరసింహం. భద్రయ్యగారి దగ్గర పదేళ్లు మృదంగం నేర్చి, ఈమధ్యే సొంతంగా పాఠాలు మొదలుపెట్టినవాడు. కొత్త ఉత్సాహం, కొత్త కోపం. "కుడిచేయి విడిగా పలుకుతుంది, ఎడమచేయి విడిగా పలుకుతుంది. రెండూ కలపమంటే చెడగొడతాడు. చేతకాక కాదు, కావాలనే. నాకు తెలుసు. నాలుగు తగిలించమంటారా, పొమ్మనమంటారా?"

భద్రయ్యగారు "మృదంగం పట్టుకురా" అని లేచారు. ఒక పాత శిష్యుడి స్కానింగు కబురు విని, వారం రోజులుగా వెళ్లాలనుకుని, వెళ్లే ముఖం లేక ఆగిపోయిన చోటికి బయల్దేరారు.

బస్టాండు వెనక లాడ్జి గేటు దగ్గర కాపలా కాసే కనకాచారి గురువుగార్ని చూస్తూనే స్టూలు మీంచి లేచాడు. నలభై రెండేళ్ల మనిషి. వడ్రంగి కొడుకు. ఉలి పట్టిన చేతికీ సుత్తి పట్టిన చేతికీ పొత్తు కుదరక, వాయిద్యమైనా అబ్బుతుందేమోనని చిన్నప్పుడు తండ్రి తెచ్చి భద్రయ్యగారికి అప్పగించాడు. ఒక్కో చేయీ విడిగా బాగానే పలికేది. కలపకపోవడం పొగరని తేల్చారు గురువుగారు. దండం దశగుణం అని నమ్మే రోజులు. నాలుగేళ్లు తన్నులు తిని కనకాచారి వెళ్లిపోయాడు.

"ఆ ఫిల్ము చూపించు నాయనా" అన్నారు గురువుగారు.

పది రోజుల కిందట మెట్ల మీంచి పడితే తలకు తీసిన స్కానింగు అది. కనకాచారి ఎండకు ఎత్తిపట్టాడు.

"కుడి మెదడుకీ ఎడమ మెదడుకీ మధ్య వంతెనలాంటిది ఉండాలటండి. నాకు పుట్టుకతోనే లేదట. రెండు చేతులూ కలవనిది అందుకేనట. మా నాన్నకి చూపిద్దామంటే, పోయి ఆరేళ్లయింది. పోయేరోజు కూడా ఒళ్లు వంచనని తిట్టాడండి."

నరసింహానికి ఎటు చూడాలో తెలియలేదు.

భద్రయ్యగారు అరుగు మీద కూర్చుని మృదంగం మధ్యన పెట్టారు. కుడివైపు తాను తీసుకుని, ఎడమవైపు కనకాచారికి ఇచ్చారు. మొదటి పాఠమే, త ధి తోం నం. కుడి చేతి వంతు ఆయనది, ఎడమ చేతి వంతు ఇతనిది. ఎడమ చేతి తోం సరిగ్గా తన చోటికి వచ్చి కూర్చుంది. మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు వాయించినా తప్పలేదు.

కనకాచారి చేయి ఆపేశాడు. "ఇంతేనా అండీ?" అన్నాడు. "ఇది రాకనా నేను అన్ని దెబ్బలు తిన్నది?"

గేటు వైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చాడు. గురువుగారు ఓదార్చబోయి చేయి వెనక్కి తీసుకున్నారు. ఏమని ఓదారుస్తారు? పోయిన తండ్రి రాడు, పోయిన ఏళ్లూ రావు.

తిరిగివస్తుంటే నరసింహం ఆయన భుజం పట్టుకున్నాడు.

"అప్పట్లో మీకు తెలియదు కదండీ" అన్నాడు.

"తెలియక కొట్టలేదురా నరసింహం. నాకు తెలుసు అనుకునే కొట్టాను."