మొదటి గడియ లెక్క
ఎప్పటిదో ఒక రాజ్యంలో కోటగోడ కడుతున్నారు. ఇటుకలు కోసే చోట కొత్త అధికారి ఉద్దండరాయుడు నీళ్లలో చిల్లుగిన్నె పెట్టించాడు. అది ఒకసారి మునిగితే ఒక గడియ.

పొద్దున మొదటి గడియలో కూలి గంగులు నలభై ఇటుకలు కోశాడు. పగటికి ముప్పై గడియలు కాబట్టి, సాయంత్రానికి పన్నెండొందలు కోయాలన్నాడు అధికారి. తగ్గితే బొటనవేలు తీయిస్తానన్నాడు.

“నేను ఊళ్లోంచి కోసు దూరం ఒక్క గడియలో పరిగెత్తుకొచ్చాను. మీకేంరా బద్ధకం?” అన్నాడు.

పొద్దు వాలేసరికి ఎనిమిదొందలే అయ్యాయి. గంగులు అలిసిపోయి, అచ్చులో మట్టి సరిగ్గా నింపలేకపోతున్నాడు. భటులు మొద్దూ కత్తీ తెచ్చి పక్కనే పెట్టారు. అంతలో పని చూడ్డానికి రాజుగారు వచ్చారు.

గంగులు పెళ్లాం పోలమ్మ ముందుకొచ్చి దండం పెట్టింది.

“మారాజా, మావాడు మొదటి గడియలో నలభై ఇటుకలు కోశాడని ముప్పై గడియలకి పన్నెండొందలు అడిగారు, తగ్గాయని వేలు తీయిస్తున్నారు. ఈ దొరేమో గడియకి కోసు పరిగెత్తారంట.”

“అవును ప్రభూ,” అన్నాడు అధికారి గొప్పగా.

“అయితే రేపు సాయంత్రానికి ముప్పై కోసులు పరిగెత్తమనండి. అదే గిన్నె, అదే లెక్క. తగ్గితే అదే కత్తి.”

రాజు అధికారి వైపు తిరిగాడు.

“ఏమంటావు రాయుడూ?”

అధికారి మొహంలో నెత్తురుచుక్క లేదు. “మధ్యలో అలుపొస్తుంది ప్రభూ.”

“ఎవరికి?” అన్నాడు రాజు.

రాజు సైగ చేస్తే భటులు కత్తి తీసుకుపోయారు. అది కనుమరుగయ్యేదాకా నిలబడే ఉన్న పోలమ్మ, అప్పుడు కూలబడింది.