చిలకల మేడ దాలమ్మ

“దాలమ్మా! ఓ దాలమ్మా! ఓలమ్మా దాలమ్మా!”

మూడుసార్లు పిలిచి, గోడ మీది తడి సున్నానికి అరచెయ్యి ఆనించింది సన్యాసమ్మ. చిలకల మేడకి మరమ్మతు చేసే ఆడవాళ్లు రోజూ పని మొదలెట్టేముందు అలాగే పిలుస్తారు. ఈ రోజు మాత్రం ఆమెకిదే ఆఖరి పిలుపు. నిన్న కొత్తగా రంగేసిన చిలక తోక తెల్లారేసరికి పెచ్చులూడిపోయింది. సున్నం సరిగ్గా నూరలేదని మేస్త్రి ఆమెని పనిలోంచి తీసేశాడు.

తోకకి రంగేసిన పిల్ల పేరు పైడి. అది ఎందుకు ఊడిందో పైడికి తెలుసు. తెలిసీ మేస్త్రికి చెప్పలేదు.

“ఏటే గుంటా, అలా బిగుసుకుపోయావు? పోయేది నేను కదా!” అని నవ్వింది సన్యాసమ్మ. మేకుకున్న సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. “మేస్త్రి మళ్లీ వచ్చేలోగా దాలమ్మ కథ చెప్పేసి పోతాను. ఇనండి.”

అనగనగా, సముద్రం ఈ మేడ గుమ్మం దాకా వచ్చి పలకరించి పోయే రోజుల్లో, ఒక రాణి ఉండేది. ఆవిడకి పరదా చాటు నుంచి కాకుండా కళ్లనిండా ఆకాశం చూడాలనుండేది. రాజు ఆవిడ కోసం ఈ మేడ కట్టించాడు. గోడలనిండా చిలకలు కావాలంది రాణి. అవి ఎగురుతుంటే నేనూ ఎగిరినట్టే ఉంటుందంది.

బొమ్మలు వేయడానికి దూరదేశం నుంచి చిత్రకారుడొచ్చాడు. సున్నం నూరడానికి ఊరి చివర్నుంచి దాలమ్మ వచ్చింది. కరక్కాయ నీళ్లు పోసి నూరింది. బెల్లం నీళ్లు పోసి నూరింది. వెన్నముద్దలా అయ్యేదాకా నూరింది.

చిత్రకారుడు పొద్దున్నే గోడకి సున్నం పూయించేవాడు. భోంచేసేవాడు. కునుకు తీసేవాడు. అప్పుడు లేచి బొమ్మ వేసేవాడు. మొదటి చిలక మర్నాటికి రాలిపోయింది. రెండో చిలకా రాలిపోయింది.

“సున్నం మంచిది కాదు ప్రభూ” అన్నాడు.

“మూడోదీ రాలితే ఆ సున్నం నూరేదాన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టండి” అన్నాడు రాజు.

దాలమ్మ చిత్రకారుడి దగ్గరకెళ్లింది. “బాబూ, తడి మీదుంటేనే సున్నం రంగు తాగుద్ది. ఆరితే నోరు మూసేసుకుంటది.”

“నూరుకునేదానివి నూరుకో. నాకు బొమ్మలు నేర్పుతావా?” అని పక్క మీద వాలాడు.

దాలమ్మ గోడ వంక చూసింది. ఆయన వంక చూసింది. మళ్లీ గోడ వంక చూసింది. తడి ఆరిపోతోంది. ఆమె ఎన్నడూ కుంచె పట్టలేదు. కానీ చోడి చేలో చిలకల్ని పుట్టిన దగ్గర్నుంచీ తోలింది. అవి ఎలా వాలతాయో తెలుసు. ఎలా మెడ తిప్పుతాయో తెలుసు. ఎడమ అరచెయ్యి తడి గోడకి ఆనించి, కుడిచేత్తో చిలకని వేసేసింది.

మర్నాడు చిలక రాల్లేదు. దాని కాళ్ల కింద అరచేతి గుర్తు ఉండిపోయింది. రాజు చిత్రకారుడికి పట్టుశాలువా కప్పాడు. ఆయన మాట్లాడలేదు. ఊళ్లో ఉండనిచ్చారు, అంతే చాలనుకుని దాలమ్మా మాట్లాడలేదు. అప్పట్నుంచి రోజూ మధ్యాహ్నం ఆయన పడుకునేవాడు, ఆమె చిలకని వేసేది. కునుకు పట్టకపోయినా ఆయన కళ్లు మూసుకునే ఉండేవాడు.

మేడ నిండింది. ఏళ్లు గడిచాయి. దాలమ్మ పోయింది. ఒకరోజు ముసలి రాణి ముసలి చిత్రకారుణ్ణి పిలిచి, చిలక కాళ్ల కిందున్న అరచేతి గుర్తు చూపించి, “నీ చెయ్యి ఇక్కడ పెట్టు నాయనా” అంది. పెట్టాడు. గోడ మీది చెయ్యి చిన్నది. ఆయన వేళ్లు బయటికొచ్చేశాయి.

“ఇది నాది కాదు తల్లీ. దాలమ్మది. నేను కళ్లు మూసుకున్నాను” అని బావురుమన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయనకి నిజంగా నిద్రపట్టిందట, ఎన్నేళ్లకో.

“కానీ దాలమ్మ ఇనలేదు కదర్రా!” అంది సన్యాసమ్మ. “బతికుండగా ఆమెని ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. అందుకే రాణి చెప్పింది, సున్నం పనికి ముందు ఆమెని మూడుసార్లు పిలవమని. మనసులో ఏదైనా ఉంటే తడి గోడ మీద చెయ్యేసి, ఆరకముందే చెప్పేయమని. మనం ఇప్పటికీ పిలుస్తున్నాం.”

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. “ఇంకా పోలేదా సన్యాసమ్మా?” అంటూ మేస్త్రి వచ్చాడు. సన్యాసమ్మ సంచీ భుజానికి తగిలించుకుని లేచింది.

పైడి గబగబా గోడ దగ్గరకెళ్లింది. చెయ్యి ఆనించింది. సున్నం ఇంకా చల్లగా ఉంది.

“దాలమ్మా” అంది, ఎవరికీ వినపడకుండా. “దాలమ్మా” అంది, కొంచెం గట్టిగా. “దాలమ్మా!” అని అరిచింది, మేడంతా మోగేలా.

“మేస్త్రి గారూ, మామ్మ సున్నం మంచిదేనండి. నిన్న తెల్ల తెరచాప పడవొకటి పోతుంటే, నేనే రాణినైనట్టు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. వెనక్కి తిరిగేసరికి గోడ ఆరిపోయింది. ఆరిన గోడకే రంగేసేశాను.”

మేస్త్రి గోడని చూశాడు, పిల్లని చూశాడు. సన్యాసమ్మ భుజం మీంచి సంచీ తీసి మళ్లీ మేకుకి తగిలించాడు. “ఆ ముక్క పొద్దున్నే ఏడవచ్చు కదే!”

“భయమేసిందండి” అంది పైడి. కళ్లమ్మట నీళ్లు, పెదాల మీద నవ్వు. తడి గోడ మీంచి చెయ్యి తియ్యకుండానే మళ్లీ చెప్పింది. “నేనేనండి. తోక పాడుచేసింది నేనే!”