ఇచ్చింది నేనే

చెట్టూ చేమా లేని ఇసుక దేశంలో, అనగనగా ఒక కొండ ఉండేది. ఎర్రటి కొండ. పిట్ట కూడా గూడు కట్టని కొండ. ఆ కొండ కింద ఒకప్పుడు వేలకొద్దీ గుడారాలు వెలిశాయి.

ఆ గుడారాలవాళ్ళు ఇశ్రాయేలీయులు. ఐగుప్తు రాజు దగ్గర తరతరాలుగా వెట్టిచాకిరీ చేసి, దేవుడి దయవల్ల బయటపడి, తమ నాయకుడి వెంట నడిచివచ్చినవాళ్ళు. వాళ్ళలో హషూబు అనే ఇటుకలు కోసేవాడు ఒకడున్నాడు. అతని భార్య పేరు తిర్సా.

వాళ్ళకు యిస్కా అని ఒక్కతే కూతురు. ఏడేళ్ళ పిల్ల. ఐగుప్తు విడిచివచ్చే రోజున పొరుగింటి ఐగుప్తు ముసలమ్మ ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, తన చెవిపోగులు తీసి ఆ పిల్ల చెవులకు పెట్టింది. పెసరగింజంత బంగారు పోగులు. దారి పొడవునా యిస్కా తల అటూ ఇటూ ఊపుతూ, "నాన్నా, ఊగుతున్నాయా?" అని అడిగేది.

"ఊగుతున్నాయమ్మా" అనేవాడు హషూబు. అవి ఊగేంత పెద్దవి కావు. అయినా అలాగే అనేవాడు.

నీళ్ళు దొరకని దారిలో ఆ పిల్లకు జ్వరం తగిలింది. మూడు రోజులు ఒళ్ళు కాలిపోయింది. నాలుగో రోజు చల్లబడిపోయింది. ఇసుకలో గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. మర్నాడే అందరితో పాటు నడవక తప్పలేదు. కొంతదూరం పోయి వెనక్కి తిరిగి చూస్తే, గాలి ఆ చోటును చదును చేసేసింది. అక్కడొక గొయ్యి ఉందని ఎవరికీ తెలియదు.

తిర్సా ఆ పోగులను తన పైబట్ట చెంగున ముడి వేసుకుంది. ఆనాటి నుంచి ఎవరితో మాట్లాడుతున్నా ఆమె చెయ్యి ఆ ముడి మీదే ఉండేది.

అలా నడిచి నడిచి వాళ్ళంతా ఎర్రకొండ కిందికి చేరారు. ఒక ఉదయం కొండ పొగలు కక్కింది. ఉరుములు ఉరిమాయి. నేల వణికింది. ఆ పొగలోంచి దేవుడి స్వరం వినిపించింది. నన్ను తప్ప వేరొకరిని దేవుడనవద్దు, బొమ్మలు చేసి మొక్కవద్దు, దొంగిలించవద్దు అని ఒక్కొక్క ఆజ్ఞే వినిపించింది. జనం గడగడ వణుకుతూ, "నువ్వు చెప్పినవన్నీ చేస్తాం, తండ్రీ!" అని ఒక్క గొంతుతో అన్నారు.

ఆ ఆజ్ఞలను రాతిపలకల మీద రాయించి తెస్తానని నాయకుడు కొండెక్కబోయాడు. హషూబు పరుగున పోయి ఆయన కాళ్ళకు అడ్డం పడ్డాడు.

"అయ్యా, నువ్వు ఆయనతో ముఖాముఖి మాట్లాడతావట. నా బిడ్డ ఏం తప్పు చేసిందని తీసుకుపోయాడో ఒక్క మాట అడుగు."

నాయకుడు అతణ్ణి లేవనెత్తి, "అడుగుతాను" అన్నాడు. అని మబ్బులోకి వెళ్ళిపోయాడు.

పది రోజులు గడిచాయి. ఇరవై గడిచాయి. నాయకుడు రాలేదు.

పక్క గుడారంలో పెలెతు అనేవాడు ఉండేవాడు. ఐగుప్తులో హషూబుతో పాటు ఒకే గుంటలో మట్టి తొక్కినవాడు. అతను వచ్చి కూర్చున్నాడు.

"హషూబన్నా, పెద్దాయన ఇక రాడేమో. మన దారి మనం చూసుకోవాలి" అన్నాడు.

"వస్తాడు. నా మాట తీసుకుపోయాడు, జవాబు తేవద్దూ?" అన్నాడు హషూబు.

ముప్పై రోజులు గడిచాయి. పెలెతు మళ్ళీ వచ్చాడు.

"అన్నా, మనవాళ్ళు దూడను పోతపోద్దామంటున్నారు. బంగారు దూడ. మన ముందర నడిచే దేవుడు. ఇంటింటికీ చెవిపోగులు అడుగుతున్నారు. నీ దగ్గర..."

"నా దగ్గర లేవు" అన్నాడు హషూబు. "ఉన్నా ఇవ్వను. బొమ్మలు చేయవద్దని మొన్ననే విన్నాం. చేస్తాం, చేస్తాం అని అరిచాం. నువ్వూ అరిచావు."

ముప్పై తొమ్మిదో రోజున పెలెతు మూడోసారి వచ్చాడు. ఈసారి కూర్చోలేదు. నిలబడే అన్నాడు:

"అన్నా, కొండ నెత్తిన నిప్పు చూశావుగా! అన్నం లేకుండా, నీళ్ళు లేకుండా ఆ నిప్పులో మనిషి నలభై రోజులు బతుకుతాడా? ఆయన బూడిదయ్యాడు. నీ మాటా ఆయనతోనే బూడిదయింది. నీ బిడ్డ గురించి అడిగినవాడూ లేడు, విన్నవాడూ లేడు."

హషూబు గుండెలో ఏదో తెగిపోయింది. ఇన్నాళ్ళూ అతను తిన్నదీ, పడుకున్నదీ, లేచిందీ ఆ ఒక్క జవాబు కోసం. అది ఇక రాదు.

తిర్సా ఎండ వేళ కునుకు తీస్తోంది. హషూబు మెల్లగా ఆమె చెంగు ముడి విప్పాడు. పోగులు తీసుకున్నాడు. రెండు గులకరాళ్ళు ఏరి ఆ ముడిలో పెట్టి మళ్ళీ కట్టేశాడు. పోయి, పోత పోసేవాడి ముందున్న బంగారు కుప్పలో పోగులు పడేశాడు. అంత కుప్పలో అవి ఎక్కడ పడ్డాయో కూడా కనబడలేదు.

మర్నాటికి దూడ సిద్ధమైంది. జనం ఆడారు, పాడారు, తాగారు. హషూబు గుంపును తోసుకుంటూ దూడ ముందుకు పోయాడు. "నా బిడ్డ ఏం తప్పు చేసింది?" అని అడిగాడు. దూడ మెరుస్తూ నిలబడింది. దూడకు కళ్ళున్నాయి, చెవులున్నాయి, నోరుంది. అతను రెండోసారి అడగలేదు.

అప్పుడే కేకలు వినిపించాయి. నాయకుడు కొండ దిగి వస్తున్నాడు! బతికే ఉన్నాడు! రెండు చేతులా రెండు రాతిపలకలు.

దూడను చూశాడాయన. ఆడుతున్న జనాన్ని చూశాడు. చేతులు పైకెత్తి ఆ పలకలను కొండ మొదట్లో విసిరికొట్టాడు. భళ్ళున పగిలాయి. ఒక ముక్క ఎగిరివచ్చి హషూబు కాళ్ళ దగ్గర పడింది. దాని మీద అక్షరాలున్నాయి. హషూబుకు చదువు రాదు. తన ప్రశ్నకు జవాబు ఆ ముక్కలో ఉందో, పొడైపోయిన ముక్కల్లో ఉందో, అసలు లేనే లేదో అతనికి తెలియలేదు. అక్కడే కూలబడ్డాడు.

నాయకుడు దూడను నిప్పులో వేయించాడు. పొడి కొట్టించాడు. ఆ పొడిని నీళ్ళలో కలిపించి అందరిచేతా తాగించాడు. హషూబు తాగాడు. తిర్సా కూడా తాగింది. తానేం తాగుతోందో ఆమెకు తెలియదు. అతనికి తెలుసు. ఆమె గుటక వేస్తుంటే చూడలేక తల తిప్పుకున్నాడు.

ఆ పొద్దు వాలకముందే, నాయకుడి మాట మీద కొందరు గుడారాల మధ్య కత్తులు దూశారు. దూడ కోసం తెగబడినవాళ్ళు వందలు వందలుగా నేలకూలారు. ఏ గుడారం ముందు చూసినా ఏడుపే.

తెల్లవారాక నాయకుడు అందరినీ పిలిచాడు. ఆయన కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి.

"మళ్ళీ కొండెక్కుతాను. మిమ్మల్ని క్షమించమని వేడుకుంటాను. కానీ చేసినవాడెవడో తెలియకుండా ఎవరి కోసం వేడుకోను? దూడకు బంగారం ఇచ్చిందెవరు?"

ఒప్పుకుంటే మెడ మీద తల నిలవదని అందరికీ తోచింది. ఒకరి వెనక ఒకరు నక్కారు.

నాయకుడు ముందు నిలబడ్డ పెద్దను అడిగాడు. "మేం కాదయ్యా. మన వెంట వచ్చిన పరాయివాళ్ళు ఎగదోశారు" అన్నాడు పెద్ద.

దూడను పోతపోసినవాణ్ణి అడిగాడు. "బంగారం నిప్పులో పడేశానయ్యా, అంతే. దూడ దానంతటదే వచ్చింది" అన్నాడతను.

పెలెతును అడిగాడు. "నాకేం తెలుసయ్యా? మా ఆడది ఇచ్చి ఉంటుంది" అన్నాడు పెలెతు. పక్కనే ఉన్న అతని భార్య నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది.

నాయకుడి భుజాలు వంగిపోయాయి. "ఇంతమందిలో తప్పు చేసినవాడు ఒక్కడూ లేడన్నమాట" అన్నాడు. "మరి నేను పైకి పోవడం దేనికి?"

హషూబు ముందుకు వచ్చాడు. చావంటే అతనికి భయం లేదు. వెనకాల తిర్సా నిలబడి ఉంది. భయమంతా ఆమె వినబోతున్నందుకే.

"ఇచ్చింది నేనే" అన్నాడు. "నా బిడ్డ చెవిపోగులు. నా భార్య చెంగు ముడి విప్పి, ఆమెకు తెలియకుండా తీశాను. నన్నెవరూ బలవంతం చేయలేదు. నువ్వు చచ్చిపోయావనుకున్నాను. దేవుడూ లేడనుకున్నాను. ఇచ్చింది నేనే."

తిర్సా చెంగు ముడి విప్పింది. రెండు గులకరాళ్ళు కింద పడ్డాయి. ఆమె వాటిని చూసింది. తర్వాత తన గొంతు మీద చెయ్యి వేసుకుంది. నిన్న తాను తాగిందేమిటో ఆమెకు అప్పుడు అర్థమైంది.

"అడిగి ఉంటే ఇచ్చేదాన్నేమో" అంది. "అడగకుండా తీశావు."

గుడారంలోకి వెళ్ళిపోయింది.

కత్తి కోసం హషూబు మెడ వంచాడు. కత్తి రాలేదు. నాయకుడు దగ్గరికి వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టాడు.

"నువ్వు అడగమన్నది అడిగానయ్యా" అన్నాడు మెల్లగా. "ఆయన జవాబు చెప్పలేదు. లేని జవాబు చెప్పి నీకు అబద్ధమాడలేను."

హషూబు తలూపాడు. ఏడవడానికి కూడా శక్తి లేదు.

"కానీ ఈ రోజు నువ్వన్న మాట తీసుకుపోతాను" అని నాయకుడు, కొత్తగా చెక్కిన రెండు ఖాళీ పలకలు మోసుకుంటూ కొండెక్కాడు.

మళ్ళీ నలభై రోజులు. ఆ నలభై రోజులూ హషూబుకు నరకమే. జనం నోళ్ళకు అతనొక్కడే దొరికాడు. "వీడే దూడకు బంగారమిచ్చింది. వీడివల్లే మనవాళ్ళు చచ్చారు" అని వేలెత్తి చూపారు. బుట్టల కొద్దీ ఇచ్చినవాళ్ళూ చూపారు. పెలెతు తన గుడారాన్ని దూరంగా మార్చుకున్నాడు. పెసరగింజంత పోగులు ఇచ్చినవాడి నెత్తిన దూడ మొత్తం పడింది.

అయినా 'నేనొక్కణ్ణే కాదు, మీరూ ఇచ్చారు' అని హషూబు అనలేదు. రోజూ పొద్దున్నే లేచి, ఆకాశం నుంచి రాలిన మన్నా అనే తిండిగింజలను ఇసుక మీద ఏరేవాడు. తిర్సా వంతు గుడారం గుమ్మంలో పెట్టి, తన వంతు బయట కూర్చుని తినేవాడు. ఆమె తీసుకునేది. మాట్లాడేది కాదు. ఇంత జరిగాక మాట్లాడమని అడిగే ముఖం అతనికీ లేదు.

నలభయ్యో రోజు నాయకుడు దిగి వచ్చాడు. ఈసారి ఆయన ముఖం చూడలేనంతగా వెలిగిపోతోంది. చేతుల్లో పలకలున్నాయి, వాటి నిండా అక్షరాలున్నాయి.

"దేవుడు మిమ్మల్ని క్షమించాడు" అన్నాడు. జనం సంతోషంతో అరవబోయారు. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"మీరెందుకు బతికారో వినండి. పైన ఆయన ముందు నిలబడినప్పుడు చూపించడానికి నా దగ్గర ఒక్కటే ఉంది. 'ఇచ్చింది నేనే' అన్న ఒక మనిషి మాట. ఆ మాట పట్టుకుని మీ అందరి కోసం వేడుకున్నాను. మీరు వేలెత్తి చూపుతున్నది ఆ మనిషినే."

ఒక ముసలివాడు లేచి, "నేనూ ఇచ్చానయ్యా" అన్నాడు. తర్వాత ఒక ఆడమనిషి లేచింది. తర్వాత పెలెతు లేచాడు. "మా ఆడది కాదు, నేనే ఇచ్చాను. హషూబన్న చేత ఇప్పించిందీ నేనే" అని ముఖం కప్పుకున్నాడు.

అప్పుడు నాయకుడు ఆజ్ఞలు చదివాడు. 'దొంగిలించవద్దు' అన్న దగ్గర హషూబు తల నేలకు ఆన్చాడు. ఆ రోజు అతనికి ఎవరెవరో వచ్చి చేతులు జోడించారు. అతని దుఃఖం మాత్రం వీసమెత్తు తగ్గలేదు. పోయిన బిడ్డ తిరిగి రాలేదు, ఎందుకు పోయిందో తెలియనూ లేదు.

మర్నాడు పొద్దున అతను లేవలేకపోయాడు. ఎండ ఎక్కుతున్నా గుడారం బయట అలాగే పడి ఉన్నాడు. గుమ్మం గుడ్డ పక్కకు జరిగింది. తిర్సా బుట్ట పట్టుకుని బయటికి వచ్చింది.

"లేవయ్యా" అంది. "ఎండకు మన్నా కరిగిపోతుంది. ఇద్దరం ఏరుకుందాం."

అందరూ 'నేను కాదు' అన్నచోట క్షమాపణకు దారే లేదు. 'నేనే' అన్న ఒక్క నోరు ఆ దారి తెరుస్తుంది.