బల్లకట్టు మీద నిలువుటద్దం

గుర్రాలు ఓడల్లో వచ్చే రోజుల్లో, ఒకానొక ఏటిగట్టు రాజ్యాన్ని రణభూషణుడనే రాజు ఏలేవాడు. తనతో సమానమైనది భూమి మీద మరొకటి ఉండకూడదని ఆయన పట్టింపు. ఆయన పల్లకి పక్కన ఇంకో పల్లకి నడవకూడదు. ఆయన ఎక్కే గుర్రం పక్కన మరో గుర్రం నిలబడకూడదు.

ఈ రెండో నియమం వల్లే ప్రాణాలు పోతున్నాయి. వర్తకులు తెచ్చిన గుర్రాలు ఏటికి అవతలి రేవులో దిగుతాయి. రాజుగారికని ఏరిన గుర్రాన్ని అక్కడినుంచి బల్లకట్టు మీద కోటకు దాటించాలి. మందలో పెరిగిన జంతువు, చుట్టూ నీళ్ళే కనిపిస్తే ఒంటరిగా ఎలా నిలుస్తుంది? ఆ ఏడాదిలోనే రెండు గుర్రాలు బెదిరి ఏట్లో దూకాయి. వాటిని తెచ్చిన కాపరులిద్దరూ కోటలోకి నడిచి వెళ్ళారు. ఇంటికి తిరిగి రాలేదు.

మూడో గుర్రాన్ని తెచ్చే వంతు పోలయ్యకు వచ్చింది. అతని భార్య మాచమ్మ గుర్రాలశాలలో ఉలవలు ఉడకబెట్టేది. ఆ పని మీదే తనూ అతనితో అవతలి రేవుకు వెళ్ళింది. రాజుగారు ఏమన్నారో మాటకు మాట చెప్పమని దారిలో మొగుణ్ణి అడిగింది. నా గుర్రం పక్కన మరో గుర్రం నిలిస్తే నీ తల ఉండదు, గుర్రం దక్కకపోయినా ఉండదు అన్నాడట. ఒక్క మాటైనా మరచిపోతానేమోనని ఆమె దాన్ని రేవు చేరేదాకా వల్లె వేసుకుంటూనే ఉంది.

రేవులో ఆ గుర్రాన్ని తక్కినవాటినుంచి విడదీశారు. అంతే, నోట నురగలు కక్కుతూ కట్టుకొయ్యను తన్నసాగింది. మాచమ్మ ఉడికిన ఉలవలు ముందు పెడితే మూతి కూడా ఆనించలేదు. పోలయ్య ఇసుకలో కూలబడి, పిల్లలను ఎవరింట్లో ఉంచాలో చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంతలో వర్తకుల మనుషులు ఒక పెద్ద పెట్టె విప్పారు. అందులో రాజుగారికని తెచ్చిన నిలువుటద్దం ఉంది. బీటలు వారిందేమో చూడటానికి దాన్ని బండికి ఆనించారు. గుర్రం చెవులు నిక్కబొడుచుకుంది. అద్దంలోకి చూసింది. అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, మూతి ఆనించి, ఊరుకుంది.

మాచమ్మ ఆ అద్దాన్ని బల్లకట్టు మీదికి ఎక్కించమంది. పోలయ్య అడ్డం వచ్చాడు.

"అది రాజుగారిదే. ముట్టుకుంటే చంపుతారు."

"ముట్టుకోకపోయినా చంపుతారయ్యా. పట్టు" అంది.

అద్దం ఎక్కింది, దాని వెంటే గుర్రం ఎక్కింది. ఏరు ఆ రోజు పోటు మీద ఉంది. మాచమ్మ అద్దం వెనక నిలబడి రెండు చేతులా వాటేసుకుంది. అక్కడినుంచి ఆమెకు గుర్రం కనిపించదు. గుర్రాన్ని పట్టుకున్న పోలయ్య ముఖం ఒక్కటే కనిపిస్తుంది. నడి ఏట్లో బల్లకట్టు ఒరిగింది. ఆ ముఖం తెల్లబడింది. ఆమె కళ్ళు మూసుకుంది. గిట్టల చప్పుడు కోసం విన్నది. నీళ్ళ చప్పుడే వినిపించింది.

గుర్రం కోట రేవులో పొడికాళ్ళతో దిగింది. కాని అద్దం మీద నురగ మరక మిగిలింది. మంత్రి కొమ్మన కంట అదే పడింది. మొగుడూ పెళ్ళాలను సభకు ఈడ్పించాడు.

"ప్రభువులవారు ముఖం చూసుకోవలసిన అద్దంలో, వారికంటే ముందు గుర్రం ముఖం చూసుకుంది. దీనికి శిక్ష ఏమిటో నేను వేరే చెప్పాలా?" అన్నాడు.

సభలో తలలన్నీ ఊగాయి. మాచమ్మ ముందుకు వచ్చి చేతులు జోడించింది.

"ఏలికా, తమ గుర్రం పక్కన మరో గుర్రం నిలవకూడదన్నారు. నిలవలేదు. గుర్రం దక్కాలన్నారు. దక్కింది."

రాజు కనుబొమలు ముడిచాడు. "లేని తోడును ఉన్నట్టు చూపి నా గుర్రాన్ని మోసం చేశావు. అంత జాతిగుర్రం ఉత్త అద్దాన్ని ఎలా నమ్మింది?"

"భయం అలాంటిది ఏలికా. తాను తల ఊపితే తల ఊపేది ఎదురుగా ఒకటి కనిపిస్తే చాలు, ఇక భయం లేదనుకుంటుంది. గుర్రానికి ఒక్క అద్దం సరిపోయింది. తమకు ఈ సభలో ఎన్ని పెట్టారో నాకు తెలియదు."

పోలయ్య కళ్ళు మూసుకున్నాడు.

రాజు మెల్లగా మీసం దువ్వుకున్నాడు. సభలో నలభై చేతులు మీసాల మీదికి పోయాయి. రాజు చెయ్యి దించాడు. నలభై చేతులూ దిగాయి. రాజు తల పక్కకు వంచి కొమ్మన వంక చూశాడు. కొమ్మన తల అప్పటికే పక్కకు వంగి ఉంది.

రాజు పగలబడి నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వుతుంటే సభలో ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. నవ్వితే ఒక తప్పు, నవ్వకపోతే ఇంకో తప్పు; పాపం, ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు.

నవ్వు ఆగాక రాజు తన మెడలోని ముత్యాల పేరు తీసి మాచమ్మకు ఇచ్చి, ఇంకేం కావాలో అడగమన్నాడు. ఇకమీదట ఏ గుర్రాన్నీ ఒంటరిగా ఏరు దాటించవద్దని ఆమె అడిగింది. రాజు అక్కడికక్కడే ఆజ్ఞ వేయించాడు.

ఇద్దరూ సెలవు తీసుకున్నారు. పోలయ్య కాళ్ళు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. కోట గుమ్మం దాటేదాకా మాచమ్మ అతని పక్కనే, భుజం ఆనించి నడిచింది.