సున్నంలో శ్రీహస్తం

పూర్వం ఏటి ఒడ్డున ఒక రాజ్యాన్ని ప్రతాపభైరవుడనే రాజు ఏలేవాడు. రాజ్యం చిన్నదే గాని బిరుదులు పెద్దవి. భట్రాజు అవన్నీ చదివి ముగించేసరికి విస్తట్లో అన్నం చల్లారిపోయేది.

ఆ రాజుగారికి పాత భోజనశాలను బాగుచేయించాలని బుద్ధి పుట్టింది. పోలయ్య అనే మేస్త్రి వెయ్యి వరహాలకు పని ఒప్పుకున్నాడు. గోడ లేచాక రాజుగారు వచ్చి కిటికీ తూర్పున ఉండాలన్నారు. పడగొట్టి తూర్పున పెడితే, ఎండ పళ్లెంలో పడుతోంది, ఉత్తరానికి మార్చమన్నారు. కాదనే ధైర్యం ఎవరికుంది?

ఇది ఆగేది కాదనీ, చివరికి ఖర్చంతా తన నెత్తినే పడుతుందనీ దిగులుపడి, పోలయ్య ఆస్థాన విదూషకుడు పేరంభట్టుతో మొరపెట్టుకున్నాడు. పేరంభట్టు నేరుగా రాజుగారి దగ్గరికి వెళ్లాడు. ఏలినవారి ఆజ్ఞతో పడిపోయే గోడ పుణ్యం చేసుకున్నదనీ, పడగొట్టే ముందు దానిమీద శ్రీహస్తం ముద్రిస్తే శుభమనీ విన్నవించాడు. పొగిడితే పొంగిపోయే రాజుగారు సరేనన్నారు.

ఆనాటినుంచి మార్పు చెప్పినప్పుడల్లా పోలయ్య పాత గోడమీద తడి సున్నం మెత్తేవాడు. రాజుగారు ఉంగరాల చేయి అదిమేవారు. ముద్ర ఆరాక పోలయ్య ఆ పెళ్లను ఊడదీసి పేరంభట్టు ఇంటికి చేర్చేవాడు.

పని ముగిసేసరికి నాలుగు వేల వరహాలైంది. రాజుగారు నిండు సభలో మండిపడ్డారు.

"వెయ్యికి ఒప్పుకుని నాలుగు వేలు చేస్తావా? నీ ఇల్లు వేలం వేయిస్తాను."

ఆలుబిడ్డలు కళ్లముందు మెదిలి పోలయ్య పేరంభట్టు వైపు చూశాడు. పేరంభట్టు లేచి నిలబడ్డాడు.

"మహాప్రభూ, తప్పు పోలయ్యది కాదు. గోడలు పడగొట్టించినవాడు వేరే ఉన్నాడు. పోయినచోటల్లా చేతి గుర్తు వదిలాడు."

"ఎవడు వాడు? ఆ చేయి నరికిస్తాను."

పేరంభట్టు సైగ చేయగానే భటులు తొమ్మిది సున్నపు పెళ్లలు తెచ్చి వరసగా పేర్చారు. ప్రతిదానిమీదా అయిదు వేళ్లు, మూడు ఉంగరాలు. రాజుగారు వాటిని చూశారు, తన చేతిని చూసుకున్నారు, మెల్లగా దాన్ని ఉత్తరీయం కింద దాచుకున్నారు.

సభంతా రాజుగారి ముఖంకేసి చూసింది. అంతలో రాజుగారే పొట్ట పట్టుకుని నవ్వేశారు. పోలయ్యకు రావలసినదంతా ఇప్పించి, పట్టుబట్టలు పెట్టించారు. ఆ మూడు ఉంగరాల్లో ఒకటి తీసి పేరంభట్టు వేలికి తొడిగారు.

తర్వాత అందరూ కొత్త భోజనశాలకు కదిలారు. గుమ్మం దగ్గర రాజుగారి కిరీటం పైకమ్మికి తగిలింది.

"ఈ ద్వారం ఇంకో జానెడు ఎత్తుంటే..." అన్నారు రాజుగారు.

పోలయ్య తడి సున్నం తట్ట తెచ్చి ఎదురుగా పెట్టాడు. రాజుగారు ఒక్క క్షణం తట్టకేసి చూసి, తల వంచుకుని లోపలికి నడిచారు.