వాగులో పరిచిన పేర్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండర్రా. ఇవాళ గట్టిగా చెప్పే ఓపిక లేదు.

ఒక రాష్ట్రంలో వాగు దాటితే తప్ప ఆసుపత్రికి చేరలేని ఊరొకటి ఉండేది. గద్దెనెక్కిన ప్రతి ముఖ్యమంత్రీ వచ్చి వంతెనకి శంకుస్థాపన చేసేవాడు. తన పేరు చెక్కిన రాయి నిలబెట్టి వెళ్లిపోయేవాడు. వంతెన మాత్రం వచ్చేది కాదు.

మళ్లీ కొత్తాయన వచ్చాడు. అప్పటికి వానలు దగ్గరపడ్డాయి, కూలికెళ్లే నూకాలు కోడలికి నెలలు నిండుతున్నాయి.

"పాత రాళ్లేవి?" అన్నాడాయన.

నూకాలు వాగు వైపు చూపించింది. రాళ్లన్నీ పేర్లు పైకి కనబడేలా నీళ్లలో పరిచి ఉన్నాయి. ఓ ముసలాయన మాజీ ముఖ్యమంత్రి పేరు మీద నిలబడి కాళ్ల బురద రుద్దుకుంటున్నాడు.

"వంతెన ఎలాగూ రాదు కదా బాబూ, రాళ్లయినా పనికొస్తాయని పరుచుకున్నాం. నడిమధ్యన ఒక్కటి తక్కువైంది. తమరిది వేసేస్తే మా కోడలు దాటేస్తది."

ముఖ్యమంత్రి తన రాయి వంక చూసుకున్నాడు. "దీన్ని బండెక్కించండి. ముందు వంతెన కట్టండి, రాయి సంగతి తర్వాత" అన్నాడు.

రాత్రింబవళ్లు పనిచేసి వాగు పొంగేలోపే చిన్న వంతెన వేసేశారు. నూకాలు మనవడు ఆసుపత్రిలోనే పుట్టాడు.

మరి వంతెన దిగాక ఆసుపత్రి దాకా రోడ్డో? దానికింకా శంకుస్థాపనలే జరుగుతున్నాయి. "ఆ రాళ్లు కూడా రానీండి, గుంతలు చాలా ఉన్నాయి" అంటోంది నూకాలు.

ఇక లేవండర్రా. అన్నం చల్లారిపోతుంది, ఇళ్లకి పోయి తినండి.